ఆధునిక కారులో బ్యాటరీ దిగిపోయినప్పుడు

కారులో బ్యాటరీ దిగిపోతే ఒకప్పుడు ఇంజన్ మాత్రమే కదలకుండా ఉండిపోయేది. నేటి కార్లలో అదే లోపంవల్ల తలుపు తెరుచుకోదు, గేరు మారదు, పార్కింగ్ బ్రేకు విడవదు, కొన్ని కార్లలోనైతే బ్యాటరీని దాచుకున్న డిక్కీయే తెరుచుకోదు. ఈ మార్పును గమనించకుండా, పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో పనికివచ్చిన ఉపాయాలను కొత్త కార్లమీద ప్రయోగించడంవల్ల, కొద్దివేల రూపాయలతో తీరవలసిన ఇబ్బంది అనేక రెట్ల ఖర్చుకు దారితీస్తున్నది. విశాఖపట్నంలో రేవుకు, రైల్వే యార్డులకు, జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న కంచరపాలెం వంటి పేటలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉన్నది. అక్కడి గాలి, అక్కడి ఎండ, అక్కడి ఇరుకు వీధులు, అక్కడివారి ఉద్యోగాల తీరు, ఇవన్నీ బ్యాటరీ ఆయుర్దాయంమీద ప్రభావం చూపేవే. అదీగాక ఆగిన కారుకు సాయపడటానికి అక్కడ తొందరగా దొరికే వాహనం లారీ కావడం ఒక్కోసారి కారుకే ప్రమాదం తెచ్చిపెడుతుంది.

కారు బ్యాటరీ అనేది విద్యుత్తును నేరుగా నిలవచేసే పాత్ర అన్న అభిప్రాయం సామాన్యంగా ఉన్నది గాని, నిజానికి అది రసాయన చర్యద్వారా విద్యుత్తును పుట్టించి, తిరిగి విద్యుత్తుద్వారా ఆ రసాయనాలను పూర్వస్థితికి తెచ్చుకునే సాధనం. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసపు బ్యాటరీయే కొద్దిపాటి మార్పులతో నేటికీ కార్లలో కొనసాగుతున్నది. ధన ధ్రువానికి చెందిన పలకలమీద లెడ్ డయాక్సైడ్, రుణ ధ్రువానికి చెందిన పలకలమీద గుల్లగా ఉండే మెత్తని సీసం, ఈ రెండింటి నడుమ నీరు కలిపిన గంధకామ్లం ఉంటాయి. విద్యుత్తు బయటికి పోతున్నకొద్దీ రెండు రకాల పలకలమీద లెడ్ సల్ఫేట్ పేరుకొంటుంది, ఆమ్లం పలచబడి నీరు పెరుగుతుంది. చార్జింగ్ పెట్టినప్పుడు ఈ చర్య వెనక్కు నడుస్తుంది. ఇటువంటి ఒక్కొక్క అరను సెల్లు అంటారు. పూర్తిగా చార్జి అయిన సెల్లు రెండు వోల్టులకు కొంచెం పైగా ఇస్తుంది, అటువంటివి 6 వరుసగా కలపడంవల్ల కారు బ్యాటరీకి 12 వోల్టుల పేరు వచ్చింది. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కారుకు ఛార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టరును అమర్చిన తరువాత, చేతితో హ్యాండిల్ తిప్పే శ్రమ తప్పి, బ్యాటరీ కారుకు అవసరమైన అంగంగా స్థిరపడింది.

ఈ సీసపు బ్యాటరీ శక్తిని పెద్ద ఎత్తున చూడదలచినవారికి విశాఖ సముద్రతీరంలోనే ఒక సాక్ష్యం ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవనుంచి విరమించి, 2002నుంచి రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి, నీటి పైభాగాన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలను నింపుకొని, నీటిలో మునిగి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీలలోని విద్యుత్తుతోనే నడిచేది. అంత భారీ నౌకకు కూడా చార్జింగ్ సమయంలో పుట్టే హైడ్రోజన్ వాయువు పెద్ద బెడదే. గాలి ఆడనిచోట ఆ వాయువు పోగుపడితే చిన్న నిప్పురవ్వ చాలును. కారు బ్యాటరీ పరిమాణంలో ఎంతో చిన్నదైనా అందులో జరిగే చర్య అదే, పుట్టే వాయువు కూడా అదే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకొంటే, కేబుళ్లు తగిలించే వరుసక్రమం గురించి కార్ల కంపెనీలు అంత పట్టుబట్టడం ఎందుకో తేలికగా బోధపడుతుంది.

బ్యాటరీ ఎందుకు పాడవుతుందన్న ప్రశ్నకు చలిదేశాల పుస్తకాలు చలినే మొదటి కారణంగా చెబుతాయి. తెలుగుదేశంలో, ముఖ్యంగా తీరంలో, అసలు శత్రువు వేడి. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు రెట్టింపవుతుందన్న స్థూల సూత్రాన్నిబట్టి, బానెట్ కింద ఇంజన్ సెగలో, మే నెల ఎండలో ఉండే బ్యాటరీ పలకలు త్వరగా తుప్పుపడతాయి, ఆమ్లంలోని నీరు త్వరగా తరుగుతుంది. వేసవిలో లోలోపల పాడైన బ్యాటరీ వెంటనే బయటపడకుండా, వానాకాలంలో వైపర్లు, లైట్లు, ఏసీ ఒకేసారి వాడవలసివచ్చిన రోజున చేతులెత్తేస్తుంది. తీరప్రాంతపు ఉప్పుగాలి టెర్మినళ్లను, అంటే కేబుళ్లు బిగించే సీసపు స్తంభాలను, తెల్లని లేదా నీలిపచ్చని పొడితో కప్పుతుంది. ఆ పొడి విద్యుత్ ప్రవాహానికి అడ్డుపడటంవల్ల, బ్యాటరీ మంచి స్థితిలో ఉన్నా కారు మూలబడుతుంది. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దింపే పనులవల్ల ఎగిరే నల్లని దుమ్ము జ్ఞానాపురం, కంచరపాలెం ప్రాంతాల ఇళ్లమీద, బాల్కనీలమీద పడుతున్నదని అక్కడి ప్రజలు ఏళ్ల తరబడి చెప్పుకొంటున్న బాధే. ఆ దుమ్ము తేమతో కలిసి బ్యాటరీ పైకప్పుమీద పొరగా పరచుకొంటే, ధన రుణ ధ్రువాల నడుమ సన్నని విద్యుత్ మార్గం ఏర్పడి, కారు ఊరకే నిలబడి ఉన్నా బ్యాటరీ కొద్దికొద్దిగా దిగిపోతుంది. నెలకొకసారి ఇంజన్ ఆపిన తరువాత తడిగుడ్డతో పైకప్పు తుడవడం, టెర్మినళ్లమీది పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన తరువాత వేసలీన్ రాయడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే రక్షణ. ఆ కడిగిన నీరు సెల్లుల లోపలికి పోకుండా మూతలు బిగించి ఉండటం మాత్రం అవసరం.

నిలిచి ఉన్న కారు కూడా విద్యుత్తును వాడుకుంటుందన్న సంగతిని ప్రత్యేకంగా వివరించవలసి ఉన్నది. తాళం వేసిన తరువాత కూడా దొంగతనాన్ని పసిగట్టే అలారం, తాళంచెవి సంకేతంకోసం ఎదురుచూసే రిసీవరు, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి పని చేస్తూనే ఉంటాయి. ఇంజన్ ఆపిన కొంతసేపటికి కారులోని అనేక కంట్రోల్ యూనిట్లు ఒకదాని తరువాత ఒకటి నిద్రావస్థలోకి పోతాయి. ఆ స్థితిలో మామూలుగా 20నుంచి 50 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో వందో వంతుల లెక్కలో, ప్రవాహం ఉంటుంది. బ్యాటరీ సామర్థ్యాన్ని ఆంపియర్-గంటలలో కొలుస్తారు. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ ఒక ఆంపియరు చొప్పున సుమారు 45 గంటలపాటు ఇవ్వగలదని స్థూలంగా అనుకోవచ్చును. 20 మిల్లీ ఆంపియర్లు మాత్రమే లాగే కారు రోజుకు సుమారు అర ఆంపియర్-గంటను, నెలకు 14 ఆంపియర్-గంటలను వాడుకుంటుంది. నాలుగు నెలలు కదలకుండా ఉంటే ఆ లెక్క 58 దాకా పోతుంది, అనగా బ్యాటరీలో ఉన్నదానికంటే ఎక్కువ. ఓడల మీద ఉద్యోగానికి వెళ్లి నెలల తరబడి ఇంటికి రాని నావికుల కార్లు, పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్లిన పెద్దవారి కార్లు తిరిగివచ్చేసరికి మూగపోయి ఉండటంలో ఆశ్చర్యం లేదు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ ప్రారంభమైన తరువాత వారాల తరబడి నిలిచిపోయిన కార్లకు పట్టిన గతి కూడా ఇదే.

దీనికి తోడు, యజమాని స్వయంగా చేర్చిన పరికరాలు మరింత భారమవుతాయి. నిలిచి ఉన్నప్పుడు కూడా వీధిని చిత్రీకరించే డ్యాష్ కెమెరా 250 మిల్లీ ఆంపియర్లు లాగితే వారం రోజుల్లో బ్యాటరీ దాదాపు ఖాళీ అవుతుంది. పార్కింగ్ లైట్లు నాలుగూ రాత్రంతా వెలిగి ఉంటే తెల్లవారేసరికి దాదాపు సగం పోతుంది. హెడ్‌లైట్లైతే ఐదారు గంటలు చాలు. ఇరుకు సందుల్లో గుమ్మం పక్కనే కారు నిలిపే ఇళ్లలో, జేబులోంచి తీయకుండానే తలుపు తెరిచే స్మార్ట్ తాళంచెవిని కిటికీ దగ్గరి మేకుకు తగిలిస్తే, కొన్ని రకాల కార్లు ఆ చెవి దగ్గరలోనే ఉన్నదని గుర్తించి పూర్తి నిద్రలోకి పోవు. చెవిని ఇంటి లోపలి గదిలో ఉంచడం చిన్న విషయంగా కనిపించినా మేలు చేస్తుంది.

కంచరపాలెం నుంచి రైల్వే స్టేషనుకో, మర్రిపాలెంకో, ఎన్ఏడీ కూడలికో వెళ్లివచ్చే కొద్ది కిలోమీటర్ల ప్రయాణాలు మరొక కారణం. ఇంజన్ తిప్పడానికి స్టార్టరు వందనుంచి రెండువందల ఆంపియర్లు లాగినా అది రెండు మూడు సెకన్లే గనుక, ఖర్చయ్యేది ఆంపియర్-గంటలో పదో వంతు మాత్రమే. దానిని పూడ్చటం కష్టం కాదు. అయితే రాత్రంతా నిద్రావస్థలో పోయిన విద్యుత్తు, సిగ్నళ్ల దగ్గర ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఏసీ, లైట్లు వాడుకున్న విద్యుత్తు కలిసి, పది నిమిషాల ప్రయాణంలో తిరిగి నిండవు. ఇంజన్ తిరిగేటప్పుడు విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటరును మన మెకానిక్కులు నేటికీ డైనమో అనే పిలుస్తారు. అది ఉన్న చార్జిని నిలుపుకొనేలా చూడటానికి తయారైనదే తప్ప ఖాళీ అయిన బ్యాటరీని పూర్తిగా నింపటానికి తయారైనది కాదు. ఇలా సగం నిండిన స్థితిలోనే రోజులు గడిచేకొద్దీ పలకలమీది లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి తిరిగి కరగదు. దీనిని సల్ఫేషన్ అంటారు. కారు బ్యాటరీలు అర్ధాయుష్షుతో పోవడానికి తరచుగా ఇదే మూలం.

బ్యాటరీ దిగిపోయినప్పుడు లక్షణాలు రెండు రకాలుగా కనిపిస్తాయి. పాత పద్ధతి లక్షణాలు అందరికీ తెలిసినవే: సెల్ఫ్, అంటే స్టార్టరు, బరువుగా తిరగడం, టకటకమని రిలే చప్పుడు చేయడం, హారన్ గొంతు తగ్గడం. కొత్త పద్ధతి లక్షణాలు జనాన్ని ఎక్కువగా కంగారుపెడతాయి. వోల్టేజి తగ్గినప్పుడు కంట్రోల్ యూనిట్లు ఒకదానితో ఒకటి సరిగా మాట్లాడుకోలేక, డ్యాష్‌బోర్డుమీద స్టీరింగ్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజన్ హెచ్చరిక దీపాలన్నీ ఒకేసారి వెలుగుతాయి. ఇన్ని భాగాలు ఒకే ఉదయం పాడైపోవటం జరిగే పని కాదు. సెన్సార్లు మార్చటానికి పూనుకొనేముందు మల్టీమీటరుతో బ్యాటరీ వోల్టేజిని కొలవడమే సరైన తొలి అడుగు. కారు కొన్ని గంటలు నిలిచి ఉన్న తరువాత 12.6 వోల్టులు కనిపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సుమారు సగమే ఉన్నట్టు, 12కు దిగువన ఉంటే దాదాపు అయిపోయినట్టు గ్రహించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 వోల్టులకంటే కిందికి జారితే, నిండుగా కనిపించిన బ్యాటరీ కూడా లోపల బలహీనమైనదే. ఇంజన్ నడుస్తుండగా 13.8నుంచి 14.5 దాకా చూపితే ఆల్టర్నేటరు పని చేస్తున్నట్టు. ఇంధనం ఆదాచేయడానికి కంప్యూటరే చార్జింగును తగ్గించి పెంచే కొత్త కార్లలో ఈ అంకె మారుతూ ఉంటుంది గనుక ఒక్కసారి చూసి తీర్పు చెప్పరాదు. కొన్ని బ్యాటరీల మీద ఆకుపచ్చగా కనిపించే చిన్న గాజుకన్ను ఒక్క సెల్లు స్థితినే తెలుపుతుంది. మిగిలిన ఐదింటి సంగతి దానికి తెలియదు.

తలుపే తెరుచుకోనప్పుడు అద్దం పగలగొట్టవలసిన అవసరం సాధారణంగా రాదు. స్మార్ట్ తాళంచెవిలోనే చిన్న లోహపు చెవి ఒకటి దాగి ఉంటుంది. పక్కనున్న మీటను నొక్కి లాగితే అది బయటికి వస్తుంది. డ్రైవరు తలుపు పిడి దగ్గర తాళపు రంధ్రం కనబడకపోతే, దానిమీద చిన్న ప్లాస్టిక్ మూత బిగించి ఉన్నదేమో చూడాలి. తలుపు తెరిచిన తరువాత బానెట్ తీగె మీట లోపలే ఉంటుంది. బ్యాటరీని డిక్కీలోనో సీటు కిందో అమర్చిన కార్లలో అనేకం బానెట్ కిందనే బయటి చార్జింగుకోసం ఒక ధన టెర్మినల్‌ను, ఒక ఎర్త్ బిందువును ఏర్పాటు చేస్తాయి. ఎర్ర మూతమీద ప్లస్ గుర్తు దానికి ఆనవాలు. ఈ వివరాలన్నీ కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం చదవదగిన సమయం కారు కొన్న వారం. అర్ధరాత్రి వీధిలో నిలబడి సెల్‌ఫోన్ వెలుగులో కాదు. విద్యుత్తుతో పనిచేసే పార్కింగ్ బ్రేకు ఉన్న కారును, గేరు పార్క్ స్థానంలో బిగుసుకున్న ఆటోమేటిక్ కారును చక్రాలమీద లాగించకూడదు; అటువంటివాటిని బల్లలారీ (ఫ్లాట్‌బెడ్) మీద ఎక్కించి తీసుకుపోవాలి, లేదా ముందుగా బయటినుంచి విద్యుత్తు అందించాలి.

ఇప్పుడు పాత ఉపాయాల విషయం. నలుగురు కలిసి తోసి, రెండో గేరులో క్లచ్ వదిలి ఇంజన్‌ను లేపటం కార్బ్యురేటర్ కాలపు విద్య. ఇంధనాన్ని పంపించే పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ అన్నీ కంప్యూటరు ఆజ్ఞతో నడిచే కారులో, ఆ కంప్యూటరు మేలుకోవటానికి చాలినంత వోల్టేజి లేకపోతే ఎంత దూరం తోసినా ఫలితం ఉండదు. ఆటోమేటిక్ గేరు ఉన్నవి అసలే స్టార్ట్ కావు. కాలని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరులోకి, అనగా విషవాయువులను శుద్ధిచేసే ఖరీదైన భాగంలోకి చేరి దానిని పాడుచేసే ప్రమాదం కూడా ఉన్నది. ఎత్తుపల్లాల వీధిలో ఇంజన్ తిరగని కారును జారవిడిచినప్పుడు బ్రేకుకు, స్టీరింగుకు ఇంజన్ ఇచ్చే సాయం ఉండదు గనుక అది మనుషులకు కూడా అపాయమే.

రెండో ఉపాయం మరింత హానికరమైనది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఇంజన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు అని తేల్చే పద్ధతి ఇప్పటికీ కొన్ని రోడ్డుపక్క షాపుల్లో కనిపిస్తుంది. ఆల్టర్నేటరునుంచి వస్తున్న ప్రవాహాన్ని పీల్చుకొనే బ్యాటరీ ఒక్కసారిగా తొలగితే, వోల్టేజి క్షణకాలం పదుల వోల్టులకు ఎగసి, కంట్రోల్ యూనిట్లను కాల్చివేయగలదు. ఆ పరీక్ష చేసిన మెకానిక్కు దురుద్దేశం ఉండదు. అతను నేర్చుకున్న కాలంలో అది చెల్లింది. నేడు చెల్లదు.

మూడోది లారీ సాయం. రేవుకు సరుకు చేరవేసే లారీలు, ట్రైలర్లు రహదారి వెంబడి నిలిచి ఉండే ఈ ప్రాంతంలో, పక్కనున్న లారీనుంచి తీగె లాగుదామన్న ఆలోచన తొలుత రావటం సహజమే. భారీ లారీలలో చాలావాటికి రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టుల వ్యవస్థ ఏర్పాటు చేస్తారు. ఆ 24 వోల్టులను కారుకు ఇస్తే ఇంజన్ కంప్యూటరు, ఎయిర్‌బ్యాగ్ యూనిటు, పాటల వ్యవస్థ వంటివి శాశ్వతంగా దెబ్బతినవచ్చును, బ్యాటరీ పేలనూవచ్చును. సాయానికి వచ్చిన లారీ డ్రైవరును ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: బండి ఎన్ని వోల్టులది అని. జవాబు నిశ్చయంగా తెలియకపోతే ఆ సాయం వద్దనడమే క్షేమం. మోటారుసైకిలు బ్యాటరీలో 12 వోల్టులు ఉన్నా కారు సెల్ఫ్ తిప్పేటంత ప్రవాహం దానిలో ఉండదు.

సరైన సాయం మరొక 12 వోల్టుల కారు, దళసరి రాగి తీగెలున్న జంపర్ కేబుళ్లు. ఇంట్లో వైరింగుకు వాడే సన్నని తీగె క్షణాల్లో కాలి చేతులు కాలుస్తుంది. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలి ఆమ్లం కారుతున్నా, కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నా ఈ ప్రయత్నమే మానుకోవాలి. రెండు కార్లను ఒకదానికొకటి తగలకుండా నిలిపి, రెండింటి ఇంజన్లనూ, లైట్లనూ, ఏసీనీ ఆపివేయాలి. మొదట ఎర్ర కేబులును ఆగిన కారు బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొసను మంచి కారు ప్లస్‌కు తగిలించాలి. తరువాత నల్ల కేబులును మంచి కారు మైనస్‌కు తగిలించి, దాని చివరి కొసను ఆగిన కారు బ్యాటరీ మైనస్‌కు కాకుండా, బ్యాటరీకి దూరంగా ఇంజన్‌మీదనో బాడీమీదనో రంగు లేని గట్టి లోహభాగానికి పట్టించాలి. చివరి కలయికలోనే నిప్పురవ్వ ఎగురుతుంది. అది హైడ్రోజన్ పుట్టే బ్యాటరీకి దూరంగా ఉండాలన్నది ఈ వరుసకు మూలకారణం. ఆధునిక కార్లలో దీనికి మరొక కారణం కూడా చేరింది: మైనస్ టెర్మినల్‌మీద ప్రవాహాన్ని, వేడిని కొలిచే చిన్న సెన్సారు ఉంటుంది, నేరుగా అక్కడ కేబులు పెడితే బయటినుంచి వచ్చిన విద్యుత్తు దాని లెక్కలోకి రాదు. ప్లస్, మైనస్ తారుమారు కావటం అన్నింటికంటె పెద్ద తప్పు. రంగు వెలిసిన కేబుళ్లతో, చీకటిలో, తొందరలో జరిగేది అదే. గుర్తులను దీపం వేసి, వేలుపెట్టి చూసి నిర్ధారించుకోవాలి.

కేబుళ్లు తగిలించిన తరువాత కంపెనీ పుస్తకం చెప్పినట్టు మంచి కారును నడుపుతూనో ఆపివుంచో, ఐదు నిమిషాలు ఆగి, ఆగిన కారును స్టార్ట్ చేయాలి. ఒక్కో ప్రయత్నం ఐదు సెకన్లు మించకూడదు, మధ్య విరామం ఉండాలి. ఇంజన్ లేచిన తరువాత, కేబుళ్లు తీసేముందు వెనుక అద్దపు హీటరునో గాలి పంకానో వేసి ఉంచితే, కేబుల్ విడిచే క్షణంలో వోల్టేజి ఎగసిపడకుండా ఆ భారం కొంత ఆపుతుంది. తగిలించిన వరుసకు సరిగ్గా తలకిందులుగా కేబుళ్లు తీయాలి. తీసిన వెంటనే ఇంజన్ ఆగిపోతే లోపం ఆల్టర్నేటరులో వెతకాలి. తోడు కారు అవసరం లేకుండా చేతిలో ఇమిడే లిథియం జంప్ స్టార్టర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఉపయోగకరమైనవే గాని, వాటిని ఎండలో మూసి ఉంచిన కారులోనే నెలల తరబడి వదిలివేయటం మంచిది కాదు.

ఇంజన్ లేచినంతమాత్రాన పని ముగిసినట్టు కాదు. దాదాపు ఖాళీ అయిన బ్యాటరీ చివరి ఐదో వంతు చార్జిని చాలా నెమ్మదిగా తీసుకుంటుంది గనుక, బీచిరోడ్డు దాకా ఒకసారి తిరిగివస్తే అది నిండదు. అదే రోజు చార్జరుమీద పెట్టించడం మేలు; సామర్థ్యంలో పదో వంతు ప్రవాహం, అంటే 45 ఆంపియర్-గంటల బ్యాటరీకి నాలుగైదు ఆంపియర్లు, పది పన్నెండు గంటలపాటు ఇవ్వటం ఆరోగ్యకరమైన పద్ధతి. మూతలున్న బ్యాటరీలో నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి; కుళాయి నీటిలోని లవణాలు పలకలకు చేటు, ఆమ్లం పోయటం మరీ చేటు. ఒకసారి పూర్తిగా దిగిన తరువాత చార్జి చేసినా రెండు రోజుల్లో మళ్లీ దిగితే, నిలిచి ఉన్న కారులో ప్రవాహం ఎంతో కొలిపించాలి. దానిని కొలవకుండా కొత్త బ్యాటరీ వేయించటం డబ్బు వృథా చేయటమే, ఎందుకంటే ఆ దొంగ ప్రవాహం కొత్తదాన్ని కూడా తాగేస్తుంది.

కొత్త బ్యాటరీ ఎంచుకోవటంలో కూడా ఆధునిక కారు షరతులు పెడుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ తానే ఆగి తానే లేచే కార్లలో, మామూలు బ్యాటరీకి బదులు ఈఎఫ్‌బీ అనే దృఢపరచిన రకాన్నో, ఆమ్లం గాజుపోగుల చాపలో పీల్చుకొని ఉండే ఏజీఎం అనే రకాన్నో అమరుస్తారు. వాటి స్థానంలో చౌకగా వస్తుందని మామూలు రకం వేయిస్తే అది కొద్దికాలానికే ఓడిపోతుంది. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానరుద్వారా కంప్యూటరుకు తెలియజేయాలి. లేకపోతే అది ముసలి బ్యాటరీకి తగినట్టే చార్జి చేస్తూ పోతుంది. టెర్మినల్ విప్పేముందు ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగటం, తాళంచెవిని చేతిలోనే ఉంచుకోవటం, ఒక అద్దం దించి ఉంచటం తప్పనిసరి జాగ్రత్తలు. తిరిగి బిగించిన తరువాత కిటికీ అద్దాలు, స్టీరింగ్ సెన్సారు తమ స్థానాలను కొత్తగా నేర్చుకోవలసి రావచ్చును. అది లోపం కాదు. బ్యాటరీ తయారీలో తెలుగునేలకు స్వంత చరిత్ర ఉన్నది: 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ, తిరుపతి దగ్గరి కరకంబాడిలో పెరిగి, 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలను మార్కెట్టులోకి తెచ్చింది. తయారీలో ఇంత ముందున్న రాష్ట్రంలో వీధి స్థాయి పరిజ్ఞానం వెనుకబడి ఉండటం విచారించవలసిన విషయం. కంచరపాలెంలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐటీఐ ఉన్నాయి. ఆ చదువులు చదివిన యువకులు మల్టీమీటరును, క్లాంప్ మీటరును వీధి షాపుల్లోకి తీసుకుపోవటం మొదలుపెడితే, అనుభవం ఉన్న పాత మెకానిక్కుల చేతికి కొత్త కన్ను దొరుకుతుంది.

ఎలక్ట్రిక్ కారు కొన్నవారు ఈ బాధ తమకు లేదని భావించటం పొరపాటు. చక్రాలను నడిపే పెద్ద బ్యాటరీని వ్యవస్థకు కలిపే స్విచ్చులను నడిపేది కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీయే; అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. దానికి బయటినుంచి 12 వోల్టులు అందించవచ్చును గాని, ఎలక్ట్రిక్ కారునుంచి మరొక కారును స్టార్ట్ చేయటానికి అనేక కంపెనీలు అనుమతించవు.

ఆఖరుకు పాత బ్యాటరీ సంగతి. దాని బరువులో సగానికి పైగా సీసమే. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే హాని లేదని చెప్పదగిన పరిమితి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది, పిల్లల మెదడుకు అది చేసే నష్టం తిరిగి పూడేది కాదు. పాత బ్యాటరీని వీధిలోనే పగలగొట్టి, ఆమ్లాన్ని కాలువలో పారబోసి, సీసాన్ని బహిరంగంగా కరిగించే చోట మొదట నష్టపోయేది చుట్టుపక్కల ఇళ్లలోని పసివారు. 2022లో కేంద్రప్రభుత్వం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, పాత బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత తయారీదారులమీద ఉన్నది, వాటిని మామూలు చెత్తలో కలపకుండా సేకరించేవారికి అప్పగించే బాధ్యత వాడుకరులమీద ఉన్నది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదానికి డీలరు ఇచ్చే తగ్గింపుకంటే వీధి తూకంవాడు వంద రూపాయలు ఎక్కువ ఇస్తానన్నా, శ్రోతలు దానిని డీలరుకే అప్పగించి బిల్లులో ఆ తగ్గింపు రాయించుకోవాలని మనవి.